గొఱ్ఱెలకు విద్యుత్ కంచె: ఒక విమర్శ

పశువును మచ్చిక చేసిన నాటి నుండియు మానవునికి కంచెతో పని పడినది. ముండ్లకంప, తడిక, రాతిగోడ, ఇనుపవల - వీని రూపములు వేరైనను గుణము ఒక్కటే. ఇవన్నియు పశువు బలమునకు ఎదురు నిలుచు వస్తువులు. గొఱ్ఱె త్రోపుకంటె కంచె బలము హెచ్చైనచో కంచె నిలుచును, తక్కువైనచో కూలును. విద్యుత్ కంచెకు ఈ లక్షణము లేదు. తేలికైన గుంజలు, వానిపై సన్నని మూడు తీగలు - ఇంతియే దాని స్వరూపము. బెదరిన గొఱ్ఱె ఒక్క దూకుతో దానిని దాటిపోగలదు. ఐనను పెద్ద పెద్ద మందలు ఆ తీగల వెనుక ప్రశాంతముగా మేయుచున్నవి.

ఏల నిలుచుచున్నవి? "తీగలో కరెంటు ఉన్నది కనుక" అనునది లోకములో వాడుకలో నున్న సమాధానము. ఇది సగము సత్యము మాత్రమే. ఈ సగము సత్యమును నమ్మి కట్టిన కంచె తరచు గొఱ్ఱెలను నిలుపలేదు. ఒక్కొక్కప్పుడు మనుష్యుల ప్రాణములను తీయుచున్నది. కావున నాలుగైదు గొఱ్ఱెలనో, ఇరువది గొఱ్ఱెలనో భద్రముగా ఒకచోట ఉంచదలచిన వానికి ఈ సాధనము ఎంతవరకు తగినదో విమర్శించి చూచుట అవసరము. "భద్రము" అను మాటకు ఇక్కడ రెండర్థములు కలవు. గొఱ్ఱె తప్పిపోకుండుట ఒకటి. గొఱ్ఱెకు గాని, దానిని మేపు మనిషికి గాని హాని కలుగకుండుట రెండవది. ఈ రెండును కలిసి సిద్ధించినపుడే కంచె మంచిదనిపించుకొనును.

ఈ సాధనము గొఱ్ఱెల పెంపకమునకు పేరొందిన న్యూజిలాండు దేశములో విశేషముగా వృద్ధి చెందినది. ఆ దేశపు ఉత్తర ద్వీపమున, వైకటో ప్రాంతములో, 1930 దశాబ్దమున బిల్ గాలగర్ అను రైతు ఉండెను. ఆయన గుఱ్ఱము మాటిమాటికి కారునకు ఒళ్లు రుద్దుకొనుచుండగా, కారును తాకిన క్షణమున చిన్న విద్యుత్ దెబ్బ తగులునట్లు ఏర్పాటు చేసి ఆ అలవాటును మాన్పించెనని చెప్పుదురు. ఆ యోచనయే తరువాత కంచె యంత్రముల పరిశ్రమగా పెరిగినది. కాని తొలినాటి యంత్రములకు ఒక పెద్ద లోపముండెను. తీగకు పచ్చగడ్డి తగిలినచో శక్తి గడ్డిగుండా నేలలోనికి జారిపోయి, కంచె నిస్సారమైపోయెడిది. 1962లో హామిల్టన్ పట్టణమునందలి రుఆకురా వ్యవసాయ పరిశోధన కేంద్రములో పనిచేసిన డగ్ ఫిలిప్స్ కండెన్సరును నింపి ఒక్క క్షణములో ఖాళీచేయు పద్ధతిపై క్రొత్త యంత్రమును నిర్మించెను. గడ్డి తగిలినను చాలవరకు తట్టుకొను ఈ యంత్రముతో పొడవైన కంచెలు సాధ్యమైనవి. ఇందులో గమనింపదగిన విషయమొకటి కలదు. కంచెను మెరుగుపరచుటకు తీగను లావు చేయలేదు. దెబ్బను క్షణికముగను, పదునుగను చేసిరి.

ఆ యంత్రము పనిచేయు తీరు ఉన్నత పాఠశాల విద్యార్థికి అందనిది కాదు. 12 వోల్టుల బ్యాటరీ నుండి వచ్చు విద్యుత్తును హెచ్చించి ఒక కండెన్సరును నింపుదురు. ఉదాహరణకు 20 మైక్రోఫారడుల కండెన్సరును 500 వోల్టుల వరకు నింపినచో, దానిలో నిలువయుండు శక్తి ½ × 0.00002 × 500 × 500 = 2.5 జౌలులు. ఒక ఎలక్ట్రానిక్ మీట ఈ శక్తినంతటిని ఒక్కసారిగా ట్రాన్స్‌ఫార్మరులోనికి వదలును. అచ్చట వోల్టేజి కొన్ని వేలకు పెరిగి తీగపైకి పోవును. ఈ స్పందము సాధారణముగా సెకనులో కొన్ని పదివేలవ వంతులు మాత్రమే ఉండును. తరువాత ఒక సెకను, లేక సెకనున్నర కాలము తీగ మౌనముగా నుండును. మరల ఒక స్పందము. సెకనున్నరకు 2.5 జౌలుల చొప్పున లెక్కించినచో సగటు సామర్థ్యము 1.7 వాట్లకు మించదు. చిన్న సౌరఫలకముతో ఇట్టి కంచెను నడుపగలుగుటకు కారణమిదియే. మన పల్లెలలో దీనిని "సోలార్ కంచె" అనియు, "జట్కా మిషను" అనియు పిలుచుచున్నారు. జట్కా అనగా ఒక్క కుదుపు. ఈ వాడుక పేరులో "విద్యుత్ కంచె" అను పేరులో కంటె విజ్ఞానము ఎక్కువగా నున్నది.

అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము ఈ యంత్రములకు 60335-2-76 అను సంఖ్యతో ప్రత్యేక ప్రమాణమును ఏర్పరచినది. దాని ప్రకారము స్పందములు సెకనుకు ఒకటికి మించరాదు; ఒక్కొక్క స్పందము 10 మిల్లీసెకన్లకు మించరాదు; 500 ఓముల నిరోధములో ఒక్కొక్క స్పందము వదలు శక్తి 5 జౌలులకు మించరాదు. ఈ మూడు నియమములను కలిపి చదివినచో అంతరార్థము స్పష్టమగును. ప్రమాణము చేసినవారు దెబ్బను గూర్చి ఎంత ఆలోచించిరో, దెబ్బకును దెబ్బకును నడుమనున్న విరామమును గూర్చియు అంతే ఆలోచించిరి.

ఇక లోకాభిప్రాయములోని మొదటి దోషమును చూడవలెను. "కంచె యంత్రము 5000 వోల్టులు ఇచ్చుచున్నది, ఇంటి విద్యుత్తు 230 వోల్టులే. అట్టియెడ డబ్బుపోసి యంత్రమును కొనుట ఎందుకు? స్తంభము నుండి ఒక తీగ లాగినచో చాలదా?" అని వాదించువారు కలరు. వోల్టుల సంఖ్యను మాత్రము చూచి, కాలమును మరచుట ఈ వాదములోని దోషము. తడి నేలపై నిలిచిన మనిషి శరీర నిరోధమును 1000 ఓములు అనుకొందము. 230 వోల్టుల తీగను తాకినచో 0.23 ఆంపియరు ప్రవహించును. ప్రతి సెకనునను సుమారు 53 జౌలుల శక్తి శరీరములో వెలువడును. దానికి విరామము లేదు. సుమారు 10 మిల్లీఆంపియర్ల వద్దనే చేతి కండరములు బిగుసుకొని తీగను వదలలేని స్థితి ఏర్పడును. కొన్ని పదుల మిల్లీఆంపియర్లు ఒకటి రెండు సెకనులు కొనసాగినచో గుండె తన లయను కోల్పోవచ్చును. ఇచ్చట 230 మిల్లీఆంపియర్లు ప్రవహించుచున్నవి. కంచె యంత్రపు దెబ్బ బాధాకరమే. కాని అది ముగిసిన మరుక్షణమున కండరము సడలును. మనిషి చేయి తీసికొనును, గొఱ్ఱె వెనుకకు దూకును. ఆ విరామమే ప్రాణమును కాపాడుచున్నది.

ఇది కేవలము పుస్తకములోని లెక్క కాదు. తెలంగాణలోను, ఆంధ్రప్రదేశ్‌లోను అడవిపందుల బారినుండి పైరును కాపాడుకొనుటకై పొలము చుట్టును సరఫరా తీగను నేరుగా కలుపుట వలన మరణించినవారి వార్తలు ఏటేట పత్రికలలో కనబడుచున్నవి. మరణించినవారిలో తీగ కట్టిన రైతులే కొందరు. రాత్రివేళ నీరు పెట్టుటకు పోయిన పొరుగువారు కొందరు. మేతకు పోయిన పశువులు, అడవి జంతువులు సరేసరి. అనుమతి లేక ఇట్లు విద్యుత్తును లాగుట 2003 విద్యుత్ చట్టము ప్రకారము చౌర్యము. చట్టము మాట అటుంచినను, దీనిని కంచె అని పిలుచుటయే తప్పు. కంచె యొక్క పని పశువునకు హద్దు నేర్పుట. చచ్చిన జంతువు ఏమియు నేర్చుకొనదు. దాని వెంట వచ్చినది కూడ నేర్చుకొనక అదే తీగపై పడును. సరఫరా తీగ కంచె కాదు, ఉచ్చు మాత్రమే. ఈ రెండింటికిని ఒకే పేరు చెల్లుబాటగుట వలన కలుగు నష్టము చిన్నది కాదు.

రెండవ దోషము, కంచె అంతయు తీగలోనే ఉన్నదనుకొనుట. తీగపై వాలిన కాకికి ఏమియు కాదు. ఏలయన వలయము పూర్తికాలేదు. గొఱ్ఱెకు దెబ్బ తగులవలెనన్న విద్యుత్తు తీగనుండి ముక్కులోనికి, శరీరముగుండా గిట్టలలోనికి, గిట్టలనుండి నేలలోనికి, నేలనుండి ఎర్తు కడ్డీకి, అచ్చటనుండి యంత్రమునకు తిరిగి చేరవలెను. కావున కంచెలో సగము భూమియే. ఈ సగము కంటికి కనబడదు కనుక దానిని గూర్చి పట్టించుకొనువారు తక్కువ. తీగను బిగించుటలో చూపిన శ్రద్ధ ఎర్తు కడ్డీని దించుటలో చూపరు.

దీని ఫలితమును ఒక లెక్కతో తెలిసికొనవచ్చును. తీగపై 5000 వోల్టులు ఉన్నవనియు, గొఱ్ఱె నిరోధము 1000 ఓములనియు భావించి, యంత్రపు అంతర్నిరోధమును విడిచిపెట్టుదము. వానకు తడిసిన నేల నిరోధము 250 ఓములైనచో, మొత్తము 1250 ఓములలో గొఱ్ఱె వంతునకు 4000 వోల్టులు వచ్చును. అది చాలినంత దెబ్బ. వేసవిలో నేల ఎండి, గిట్ట క్రింది నిరోధము 9000 ఓములకు పెరిగెననుకొందము. అపుడు గొఱ్ఱె వంతు 500 వోల్టులు మాత్రమే. తీగ అదే, యంత్రము అదే. కంచె మాత్రము మాయమైనది. పచ్చిక బయళ్లపై వానలు సమృద్ధిగా కురియు వైకటోలో కుదిరిన ఏర్పాటు, ఏప్రిల్ నెలలో అనంతపురపు ఎఱ్ఱనేలపై కుదరకపోవుటలో వింత లేదు. అమ్మువాడు ఈ సంగతిని చెప్పకపోవచ్చును, భౌతికశాస్త్రము చెప్పుచున్నది. దీనికి విరుగుడు కూడ శాస్త్రములోనే కలదు. ఎర్తు కడ్డీలను ఒకటికి బదులు రెండు మూడు, తేమ నిలుచు చోట లోతుగా దించవలెను. అంతకంటె మేలైనది, తీగలలో ఒకదానికి విద్యుత్తును, దాని ప్రక్కదానికి ఎర్తును కలుపుట. అపుడు తల దూర్చిన గొఱ్ఱె రెండింటిని తాకును. వలయము నేలపై ఆధారపడక పూర్తియగును.

గడ్డి విషయము కూడ ఇట్టిదే. తీగను తాకిన ఒక్క గడ్డిపోచ నిరోధము లక్ష ఓములనుకొన్నచో దానివలన కలుగు నష్టము స్వల్పము. కాని ఏబది పోచలు తాకినచో అవి సమాంతరముగా చేరి 2000 ఓములగును. ఫిలిప్స్ నాటి నుండి యంత్రములు ఎంత మెరుగైనను, తీగ క్రింది గడ్డిని కోయు పని మనిషికి తప్పలేదు.

మూడవ దోషము అన్నింటికంటె సూక్ష్మమైనది. విద్యుత్ కంచెను గోడగా భావించుట ఆ దోషము. అది గోడ కాదు, ఒక జ్ఞాపకము. గొఱ్ఱె క్రొత్త వస్తువును ముక్కుతో వాసన చూచును. తడిగా నుండు ఆ ముక్కునకు దెబ్బ తగిలినచో ఒకటి రెండు అనుభవములతోనే అది తీగకు దూరముగా నుండుట నేర్చుకొనును. ముక్కునకు బదులు వీపు మొదట తాకినచో కథ వేరు. పొడి ఉన్ని మంచి విద్యుద్బంధకము. ఒత్తైన ఉన్నిగల గొఱ్ఱె తలను ముందే దూర్చి, దెబ్బ తగిలిన క్షణమున వెనుకకు పోక ముందుకే దూకినచో, తీగ దాని ఉన్నిని రాచుకొని జారిపోవును. ఆ గొఱ్ఱె నేర్చుకొనినది ఒకటే - కంచెను దాటవచ్చునని. మందలో ఒకటి నేర్చినచో మిగిలినవి దాని వెంటబడును.

ఈ దృష్టితో చూచినచో జాతి భేదము కూడ లెక్కలోనికి వచ్చును. ముతక ఉన్నిగల దక్కనీ గొఱ్ఱెకును, ఉన్నికి బదులు పొట్టి వెండ్రుకలు మాత్రమే కల నెల్లూరు గొఱ్ఱెకును తీగ ఒకేవిధముగా తగులదు. నెల్లూరు జాతిలో పల్ల, జోడిపి, డోర అను మూడు తెగలలోను శరీరము దాదాపు నున్ననిది. కావున అది దెబ్బను సులభముగా గ్రహించును. కాని మన దేశపు గొఱ్ఱెలలో అతి పొడగరి అదే కనుక పై తీగను మరికొంత ఎత్తున కట్టవలసి వచ్చును. దక్కనీ గొఱ్ఱెలకు ఉన్ని కత్తిరించిన తరువాత కంచెను పరిచయము చేయుట తెలివైన పని.

పరిచయము అను మాటయే ఇక్కడ ముఖ్యము. క్రొత్త గొఱ్ఱెలను తెచ్చిన నాడే బయటి బయలులో తీగ మధ్య వదలరాదు. గట్టి తడికల దొడ్డిలోపల ఒక ప్రక్కగా తీగను కట్టి, ఒకటి రెండు దినములు అచ్చట ఉంచి, అవి తీగను తాకి వెనుకకు తగ్గుట చూచిన తరువాతనే బయటి కంచెను నమ్మవలెను. శిక్షణ లేని మందకు మూడు తీగలు మూడు దారములతో సమానము.

కొద్ది గొఱ్ఱెలను ఉంచుకొనువారు తరచు మరొక పొరపాటు చేయుదురు. "పెద్ద మందకు గట్టి కంచె కావలెను గాని, రెండు మూడింటికి ఏదైనను చాలును" అనుకొందురు. నిజము దీనికి విరుద్ధముగా నుండవచ్చును. గొఱ్ఱె గుంపులో బ్రతుకు జంతువు. ఒంటిగా చిక్కిన గొఱ్ఱె తోడు కొరకు అరచుచు, ఆవలి మంద కనబడినచో నొప్పిని లెక్కచేయక తీగపైకి దూకును. ఆకలి, కుక్కల భయము, తల్లినుండి వేరైన పిల్ల ఆరాటము - ఇవన్నియు జ్ఞాపకమును జయించు శక్తులు. లోపల మేత, నీరు, నీడ, తోడు ఉన్నంత వరకే కంచె కంచెగా నుండును. గోడకు ఈ నియమము లేదు.

సాధనములోని నిజమైన లోపములను కూడ దాచరాదు. తీగలకు బదులు అమ్ముచున్న విద్యుత్ వలలు నిలువెత్తు అడ్డుగా కనబడి, పిల్లలను సైతము నిలుపును. కాని వల కన్నులలో గొఱ్ఱెపిల్ల తల గాని, పొట్టేలు కొమ్ము గాని చిక్కుకొనవచ్చును. నెల్లూరు జాతిలో పొట్టేళ్లకు కొమ్ములుండును. చిక్కిన జంతువునకు విరామము వలన లాభము లేదు. వెనుకకు తగ్గు దారి లేదు కనుక ప్రతి సెకనునను మరల దెబ్బ తగులుచుండును. ఎవరును చూడనిచో అది బెదరి, పెనగులాడి చచ్చును. విడిచిపెట్టుటకు వీలుండుటయే విద్యుత్ కంచెలోని దయ. వలలో చిక్కిన పశువునకు ఆ దయ అందదు. ముండ్లతీగకు విద్యుత్తును కలుపరాదని ప్రమాణము నిషేధించుటకు కారణమును ఇదియే. తరువాత, గొఱ్ఱెను లోపల నిలుపు కంచె చిరుతను, తోడేలును, వీధికుక్కల గుంపును బయట నిలుపునని నమ్మరాదు. లోపలిది శిక్షణ పొందినది, బయటిది పొందలేదు.

ఇన్ని దోషములు చూపిన పిదప ఈ సాధనము మనకు పనికిరాదనవలెనా? అట్లనుట న్యాయము కాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వము ప్రారంభించిన గొఱ్ఱెల పంపిణీ పథకములో ఒక్కొక్క లబ్ధిదారునకు 20 ఆడ గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతము సబ్సిడీతో ఇచ్చిరి. ఇరువదియొక్క జీవములు గల చిన్న మందను ఉదాహరణగా తీసికొందము. 50 మీటర్ల వలను చతురస్రముగా నిలిపినచో ఒక్కొక్క భుజము 12.5 మీటర్లు; వైశాల్యము సుమారు 156 చదరపు మీటర్లు. ఒక్కొక్క గొఱ్ఱెకు ఏడు చదరపు మీటర్లకు పైగా లభించును. కోత అయిన పొలములో రాత్రి మందను నిలిపి, ఎరువును భూమికి చేర్చుట మన గొల్ల, కురుమ కాపరులకు తరతరములుగా తెలిసిన విద్య. తేలికైన విద్యుత్ వల ఆ విద్యకు చక్కని తోడు. నేడు ఒక చెక్కలో, రేపు ప్రక్క చెక్కలో దొడ్డిని మార్చుట ఒక మనిషికి సాధ్యమగును. ఐతే వల కాపరికి సహాయకుడు మాత్రమే, ప్రతినిధి కాదు. సాయంకాలము వోల్టేజిని కొలుచుట, తీగ క్రింది గడ్డిని చూచుట, ఎర్తును తడిపియుంచుట, రాత్రి ఒకసారి తిరిగి వచ్చుట - ఈ పనులు చేయు మనిషి ఉన్నచోటనే అది భద్రమైనది. మందను వదలి పట్టణమునకు పోదలచినవానికి ఇది తగిన సాధనము కాదు.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో చూపుటకు కంచె యంత్రమును గాని, ఇంటి విద్యుత్తును గాని తాకవలసిన అవసరము లేదు. ఒక ప్లాస్టిక్ తొట్టిలో ఎండిన మట్టిని పోసి, రెండు మేకులను అడుగు దూరమున గ్రుచ్చి, వానిని 9 వోల్టుల బ్యాటరీతోను, మిల్లీఆమ్మీటరుతోను వరుసగా కలిపినచో చాలును. ఎండు మట్టిలో సూచిక దాదాపు కదలదు. చెంబెడు నీరు పోసినచో కదలును. ఓము నియమములో భూమికి గల స్థానమును విద్యార్థి కన్నులార చూచును. "మరి పొలములోని తీగ?" అని ఒక విద్యార్థి తప్పక అడుగును. అపుడు జట్కా యంత్రమునకును, స్తంభమునుండి లాగిన తీగకును గల భేదమును విడమరచి చెప్పవలెను. ఆ పిల్లవాని ఇంటిలో అట్టి తీగ ఉండవచ్చును. నాటి సాయంకాలము అతడు ఇంటికి పోయి చెప్పు మాట ఒక ప్రాణమును నిలుపవచ్చును.

స్పందము, నేల, జ్ఞాపకము - ఈ మూడును కలిసినదే విద్యుత్ కంచె. వీనిలో ఏది లోపించినను మిగిలినది వట్టి తీగ. విరామము లోపించినచో మిగిలినది మృత్యువు.